అరవై అడుగుల పరదా

జమాల్ బీ సముద్రంలో దిగకుండానే పోయింది. దానికి కారణం ఆమె తమ్ముడు హబీబ్. ఇందులో ఆమె భర్త నిసార్ అహ్మద్‌కు రెండో మాట లేదు.

ఏడాదిగా ఆయన ఈ సంగతి ఆటోనగర్‌లోని తన కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. లారీ డ్రైవర్లకు చెప్పాడు. మసీదు మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ చెప్పాడు. పక్కనున్న టీ కొట్టు వెంకటసుబ్బారావుకైతే ఎక్కడ గొంతు పెరుగుతుందో, ఎక్కడ గ్లాసు ఠక్కున కింద పెడతాడో కూడా తెలిసిపోయింది.

నిసార్ అహ్మద్ లారీల సరుకు మీద కప్పే పట్టాలు కుడతాడు. ఉయ్యూరు పక్క పల్లెలో ఐదో తరగతితో బడి మానేసి బెజవాడ వచ్చి, నలభై ఏళ్లుగా అదే పని. ఎవరి లారీ అయినా ఒకటే కుట్టు, ఒకటే మాట. బాగుందని ఎవరినీ అనడు. పెళ్లాన్ని అసలే అనలేదు. జమాల్ బీది కూడా ఆ పక్క ఊరే. కాలవ గట్టున ఇల్లు. పన్నెండో ఏడు వచ్చేదాకా తూము మీంచి దూకి, అవతలి గట్టు ముట్టుకుని వచ్చేది. ఒకరోజు వాళ్ల నాన్న గట్టు మీద నిలబడి, "ఇక చాలు, పైకి రా" అన్నాడు. వచ్చేసింది. ఆ తర్వాత నలభై రెండేళ్లు ఆమె ఒంటికి చెంబు నీళ్లు తప్ప తెలియవు.

కిడ్నీలు పోయాయని తేలాక, డాక్టరు ఒక సోమవారం తేదీ వేశాడు. మెడ దగ్గర గొట్టం పెట్టి రక్తం శుభ్రం చేస్తామన్నాడు. గొట్టం పెట్టాక అక్కడ తడి తగలకూడదన్నాడు, ఇప్పట్నుంచే తాగే నీళ్లు కొలిచి తాగాలన్నాడు. తిరిగి వస్తూ ఆటోలో ఆమె అడిగింది.

"ఏమండీ, ఆ గొట్టం పెట్టేలోపల ఒక్కసారి నీళ్లలో దిగాలండీ."

"ఏ నీళ్లు?"

"మునిగే నీళ్లు."

"కృష్ణ ఘాట్ల మీద జనం ఉంటారు."

"కృష్ణ కాదండీ, సముద్రం. ఎవరూ లేని చోటు. నన్నెవరూ చూడకూడదు. మీరొక్కరే ఉండాలి."

ఆయన మర్నాడు పనిరోజు అయినా కొట్టు తీయలేదు. బందరు బస్సెక్కాడు.

సూర్యలంక పనికిరాదు, ఎప్పుడూ తిరనాళ్లే. మంగినపూడిలో ఫొటోలు తీసుకునేవాళ్లు ఎక్కువ. మూడుసార్లు తిరిగి, నాలుగు తీరాలు చూసి, బందరు దాటాక ఒక చిన్న జాలరిపేటకు అవతల, సరుగుడు తోట వెనక ఒక చోటు పట్టుకున్నాడు. అక్కడ ఇసుక మీద పీతల గుర్తులే తప్ప మనిషి అడుగు లేదు. ఆయన పంచె ఎగ్గట్టి, చేతికర్ర పెట్టి, గజానికోసారి లోతు చూసుకుంటూ నడుం దాకా వెళ్లి వచ్చాడు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన మరియదాసు చూసి చూసి అడిగాడు.

"సాయిబు గారూ, ఈదటానికొచ్చారా, పొలం కొలవటానికొచ్చారా?"

"ఇక్కడ గుంటలున్నాయా?"

"ఉత్తరాన ఉన్నాయి, కాలవ కలిసేకాడ. ఇక్కడ లేవు. అష్టమి నాడు రండి. పోటు పెద్దగా ఉండదు. పొద్దున తొమ్మిదింటికి నీళ్లు పెరట్లో తొట్టిలా ఉంటాయి. ఎవరికండీ, మీకేనా?"

"మా ఇంట్లో మనిషికి."

"అయితే ఆ రోజు మా వాళ్లెవర్నీ ఇటు రానీనులెండి."

అష్టమి మంగళవారం పడింది. సోమవారానికి ఇంకా ఆరు రోజులు ఉంటుంది. డాక్టర్ని అడిగితే నడుం లోతులో పది నిమిషాలు సరేనన్నాడు. ఇక మిగిలింది తోట నుంచి నీళ్ల దాకా ఉన్న బయలు. దానికి నిసార్ అహ్మద్ పరదా కుట్టాడు. అరవై అడుగుల పొడవు, ఆరున్నర ఎత్తు. దూరం నుంచి కళ్లలో పడకుండా ఇసుక రంగు గుడ్డ తెచ్చాడు. గాలికి తెర చిరిగిపోకుండా మధ్యమధ్య అర్ధచంద్రంలా కోతలు పెట్టాడు. అంచుకు ఇత్తడి రింగులు, వాటిలో తాడు, ఆరడుగులకో కర్ర. ఏ కర్ర ముందు పాతాలో, ఏ తాడు ఎటు లాగాలో ఆయనొక్కడికే తెలుసు. జమాల్ బీ కొట్టుకొచ్చి గుడ్డ తడిమి చూసింది.

"ముప్పై అయిదేళ్ల కాపురంలో నాకు కుట్టింది ఇదే కదండీ. లారీలకున్నపాటి యోగం నాకూ పట్టింది."

"పక్కకు జరుగు, సూది తగుల్తుంది" అన్నాడు.

ఆ సంతోషం ఆమె కడుపులో దాచుకోలేకపోయింది. తమ్ముడి భార్య ముబీనాకు చెప్పింది. ముబీనా మొగుడికి చెప్పింది. హబీబ్‌కు ఒన్‌టౌన్‌లో చెప్పుల కొట్టు. నలుగురు లేనిదే అన్నం సయించని మనిషి. ఆ రాత్రే ఫోను చేశాడు.

"బావా, అక్కనొక్కదాన్నే తీసుకెళ్తావా? మేమంతా ఏమైపోయాం? మంగళవారం ఎవరికీ సెలవు లేదు, ఆదివారం పెట్టుకుందాం. వ్యాను మాట్లాడేశా. పందొమ్మిది మందిమి. బిర్యానీ నాది."

నిసార్ అహ్మద్ ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె అవతలి మాటలు విని, "పోనీలెండి, వాళ్ల ప్రేమ. ఆదివారమూ సముద్రం అక్కడే ఉంటుందిగా" అంది. ఆయన పళ్లు బిగపట్టాడు.

ఆదివారం వెళ్లారు. ఆయన మరియదాసును పలకరించి, నీళ్ల వాలు చూసుకుని వచ్చేసరికి పరదా ఇసుక మీద పరిచి ఉంది. దాని మీద పందొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. సరిగ్గా నడిమధ్య బిర్యానీ డేగిసా. నూనె గుడ్డలోకి దిగి పసుపు మరక గుండ్రంగా పాకుతోంది.

జమాల్ బీ దిగలేదు. మర్నాడు గొట్టం పెట్టారు. నాలుగు నెలలకు పోయింది.

నిసార్ అహ్మద్ అందరికీ చెప్పింది ఇంతే. డేగిసా చూసిన తర్వాత వ్యానులో కూర్చున్న మూడు గంటలు ఆ చెప్పడంలో ఉండేవి కావు.

ఈ ఏడు ఆమె పోయిన నెల తిరిగొచ్చింది. ఒక శుక్రవారం జుమా నమాజు అయ్యాక హబీబ్ కొట్టు ముందు స్కూటర్ ఆపాడు. వెనక కూతురు అర్ఫా ఉంది. డిగ్రీ చివరి ఏడాది. మేనత్త మాటలు విని విని, మున్సిపాలిటీ కొలనులో ఆడవాళ్ల వేళకు వెళ్లి ఈత నేర్చుకుంది. హబీబ్ గుమ్మం దాటలేదు. అర్ఫా లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, నేనూ అమ్మా ఇంకో ముగ్గురం సముద్రానికి వెళ్తున్నాం. అత్త కోసం నువ్వు చూసిన చోటుకి. ఆ చోటు ఎక్కడో కాస్త చెప్పు. పరదా కూడా ఇవ్వు."

"ఇవ్వను."

"ఎందుకు ఇవ్వవు?"

"మీ నాన్నకు బిర్యానీ పెట్టుకోను ఇంకో గుడ్డ దొరక్కపోదు."

గుమ్మం బయట హబీబ్ తల దించుకున్నాడు. "పద అమ్మా. చెప్పాగా నీకు" అన్నాడు.

అర్ఫా లేవలేదు.

"మామయ్యా, నేను ఆ రోజు వ్యాను వెనకాలే ఉన్నా. బట్టలు మార్చుకుంటున్నా."

నిసార్ అహ్మద్ మిషను తొక్కడం ఆపాడు.

"అర్ఫా, నోరు మూసుకో" అన్నాడు హబీబ్.

"ఏడాది నుంచి మూసుకునే ఉన్నాను నాన్నా. కాలేజీ బస్సు డ్రైవరు కూడా అడిగాడు, అత్తను నీళ్లలో దిగనివ్వంది మీ నాన్నేనా అని." ఆమె నిసార్ అహ్మద్ వైపు తిరిగింది. "నాన్న వచ్చి నీ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. తప్పయిపోయింది బావా, దులిపి కడదాం, మగాళ్లందర్నీ నేను కాలవ కలిసే వైపు తీసుకుపోతా, గంటదాకా రాం అన్నాడు. నువ్వు అద్దం ఎక్కించుకున్నావు. తర్వాత అత్త వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. కడతారా అండీ అని అడిగింది. నువ్వేమన్నావు?"

ఆయన మిషను మీది గుడ్డ సర్దాడు.

"మీ వాళ్లతో వచ్చావుగా, మీ వాళ్లనే కట్టమను, అన్నావు. ఆ కర్రలు కట్టడం నీకు తప్ప ఎవరికొచ్చు మామయ్యా? అత్త ఇంకా కాసేపు నిలబడింది, నువ్వు తలుపు తీస్తావని. తర్వాత చెప్పులు తొడుక్కుని వెళ్లి అందరికీ గుడ్లు ఒలిచి పెట్టింది."

టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అర్ఫా చెప్పిన ప్రతి మాటా నిసార్ అహ్మద్‌కు తెలుసు. ఆ కిటికీ అద్దం మీద ఉప్పు గాలి మసక కూడా తెలుసు. ఆ మసకలోంచి ఆమె మొహం సరిగా కనపడలేదని, తుడిచి చూడాలనిపించి తుడవలేదని తెలుసు. ఇంకొకరు చూశారని మాత్రం తెలియదు.

ఆయన గుమ్మం వైపు తిరిగి హబీబ్‌ను అడిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"మరి ఏడాది నుంచి నోరెందుకు ఎత్తలేదు? ఊరంతా నిన్ను తిట్టానుగా."

హబీబ్ స్కూటర్ తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆసుపత్రిలో అక్క చెప్పింది. ఆయన నిన్నే అంటాడు, అననీ, అంది. నువ్వైతే మోస్తావురా, ఆయన మోయలేడు, అంది. అంతే బావా. వ్యాను మాట్లాడింది నేనే కదా మరి."

నిసార్ అహ్మద్ లేచాడు. నిచ్చెన వేసుకుని అటక మీంచి కట్ట దించాడు. మోకాళ్ల మీద కూర్చుని తాడు విప్పి, నేల పట్టినంత మేర పరిచాడు. రెండుసార్లు సోడా వేసి ఉతికినా మరక అలాగే ఉంది, డేగిసా అడుగంత. ఈ ఏడాదీ కొట్టుకొచ్చిన వాళ్లకు అదే తీసి చూపించేవాడు. ఇప్పుడు దాన్ని లోపలికి మడిచాడు.

"కాయితం తీసుకో" అన్నాడు అర్ఫాతో.

ఆ పిల్ల ఫోను తీసింది.

"కాయితం తీసుకోమన్నానా. అక్కడ ఫోను పలకదు."

హబీబ్ జేబులోంచి చెప్పుల కొట్టు చీటీ ఒకటి ఇచ్చాడు. నిసార్ అహ్మద్ గోడను చూస్తూ చెప్పుకుపోయాడు.

"బందరు దాటి పేటలో మరియదాసని అడగండి. పట్టాల సాయిబు పంపాడని చెప్పండి. ఆదివారం వెళ్లొద్దు. వచ్చే బుధవారం కాదు, ఆ పై బుధవారం అష్టమి. ఆ రోజు వెళ్లండి. తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి. మొదటి కర్ర నీళ్లలో పాతాలి, ఒడ్డున కాదు. మోకాలి లోతున. అక్కణ్నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి. ఒడ్డు నుంచి మొదలెడితే గాలి పడగొట్టేస్తుంది. తాడు దక్షిణానికి లాగి కట్టండి. కోతలు కుట్టేయకండి, గాలి పోవడానికే అవి. ఉత్తరం పక్కకి వెళ్లొద్దు, గుంటలున్నాయి. చెప్పులు పరదా లోపలే విప్పాలి, పీతల బొరియలుంటాయి, బయట ఉత్త కాళ్లతో నడవకూడదు. నడుం దాటి వెళ్లొద్దు. నీకు ఈతొచ్చినా సరే. అల వచ్చినప్పుడు ఎదురు నిలబడకు, పక్కకు తిరుగు. పది నిమిషాలయ్యాక ఒకసారి పైకొచ్చి కూర్చో. గొంతు ఎండినా నీళ్లు గటగటా తాగొద్దు, నాలుక తడిపి..."

అక్కడ ఆగిపోయాడు. అర్ఫాకు గొంతెండితే బిందెడు తాగొచ్చు. ఆ పిల్ల రాస్తూనే ఉంది, తలెత్తలేదు.

"అది కొట్టేయి" అన్నాడు.

"ఉండనీ మామయ్యా."

హబీబ్ గుమ్మం దాటి లోపలికి వచ్చి, కట్ట ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి స్కూటర్ ముందు భాగంలో పెట్టి కట్టారు. కర్రల కట్ట అర్ఫా భుజానికి ఆనించి నిలువుగా పట్టుకుంది.

"నువ్వు కూడా రా బావా. కట్టేది నువ్వే కదా. మేం మగాళ్లం తోటలోనే ఉంటాం."

"రాను."

"అక్క నిన్ను తప్పు పట్టలేదు బావా, ఒట్టు. ఆ రోజు వ్యాను దగ్గర్నించి వచ్చి కూడా నాతో..."

"హబీబూ" అన్నాడు నిసార్ అహ్మద్. ఏడాది తర్వాత ఆ పేరు ఆయన నోట్లోంచి తిట్టు లేకుండా వచ్చింది. "చాలు. ఇక వెళ్లండి."

స్కూటర్ లారీల మధ్య మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. తర్వాత వచ్చి మిషను ముందు కూర్చున్నాడు గాని సూదిలో దారం ఎక్కలేదు. సాయంత్రపు అసర్ అజాన్ వినిపించేదాకా దారం కొస తడుపుతూ అలాగే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున టీ కొట్టులో ఒక కొత్త డ్రైవరు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మైలవరం వైపు మనిషి, పట్టా కొలతలకు వచ్చాడు. వెంకటసుబ్బారావు టీ తిరగబోస్తూ, పొద్దుపోవడానికి అన్నట్టు అందుకున్నాడు.

"నిన్న మీ బామ్మర్ది వచ్చినట్టున్నాడే సాయిబు గారూ. ఏ మొహం పెట్టుకుని వచ్చాడండీ. ఈయనకు చెప్పండి ఆ సంగతి, పాపం ఈయనెరగడు."

డ్రైవరు వినడానికి ఇటు తిరిగి కూర్చున్నాడు.

నిసార్ అహ్మద్ టీ తాగడం పూర్తి చేశాడు. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"లారీ ఎన్నడుగులు?" అని డ్రైవరును అడిగాడు.

"అది కాదండీ, ఆ సముద్రం సంగతి" అన్నాడు వెంకటసుబ్బారావు.

"సుబ్బారావూ, ఆ మాట నేనిక ఎత్తను. ఇంకెప్పుడూ ఎత్తను. నువ్వూ ఎత్తకు."