అరకిలో గుండు

మా బావ లారీలు బాగుచేస్తాడు. అంటే సుత్తితో ఒకటిస్తాడు, లొంగకపోతే ఇంకొకటిస్తాడు. అలాంటి మనిషి ఆ ఉదయం నా గడియారాల కొట్టుకొచ్చి, బల్ల మీద పరిచిన తెల్లగుడ్డపై గ్రీజు చేతులతో తన కూతురి పిస్తోలు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

అది గురిపోటీల పిస్తోలు. పొద్దుటి సాధనలో ట్రిగ్గరు వెనకుండే స్ప్రింగు విరిగిందట. పదకొండింటికి జట్టు ఎంపిక. నా మేనకోడలిది ఎడమచేతి వాటం. పిడి తన చేతికి కొలిచి చెక్కించింది కాబట్టి ఇంకొకరి పిస్తోలు అడిగి తీసుకునే వీలు లేదు. ఇవాళ తప్పితే వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

"ఇది వేసి చూడు," అంటూ బావ జేబులోంచి ఒక స్ప్రింగు తీశాడు. ఏ లారీ తలుపులోంచి పీకాడో, తీగ ఇనప మేకు లావున ఉంది.

"ఇది పెడితే ట్రిగ్గరు లాగడానికి జాకీ కావాలి," అన్నాను.

"కాస్త బిగువుగా ఉంటేనే మంచిది. పోటీకి ముందు ట్రిగ్గరుకి అరకిలో గుండు వేలాడదీసి చూస్తారు. ఆ బరువుకి ట్రిగ్గరు కదలకుండా ఆగాలి."

వెంట్రుకవాసి తేడాను వేలితో పట్టేవాణ్ణి నేను. నాకు ఈయన బరువుల పాఠం చెబుతున్నాడు. "నువ్వు టైర్ల సంగతి చూసుకో," అని ఆ స్ప్రింగును చెత్తబుట్టలో పడేశాను. బావ స్టూలు మీద కూర్చున్నాడు.

కంటికి భూతద్దం తగిలించుకుని, మేలురకం గడియారపు తీగతో కొత్త స్ప్రింగు చుట్టాను. రాపిడి ఉన్న చోటల్లా సానరాయితో నున్నగా రుద్దాను. వేలు ఆనిస్తే చాలు, ట్రిగ్గరు కదిలింది. ఇంత సుతారమైన పని ఊళ్లో ఇంకెవడూ చేయలేడని బావకు చెప్పాను. వినిపించుకున్నాడో లేదోనని మళ్లీ చెప్పాను.

పోటీ హాలు గుమ్మం దగ్గరే తనిఖీ బల్ల ఉంది. అక్కడి అధికారి పిస్తోలు గొట్టాన్ని పైకి నిలబెట్టి, ట్రిగ్గరుకి గుండు తగిలించి మెల్లగా ఎత్తాడు. గుండు బల్లమీంచి లేవకముందే ట్రిగ్గరు టక్కుమంది.

"ఇంకో రెండుసార్లు చూస్తాను," అన్నాడు.

మేనకోడలు ట్రిగ్గరు బిగువు పెంచే చిన్న స్క్రూను చివరిదాకా బిగించింది. టక్కుమంది. చేతులు తుడుచుకుని మళ్లీ ఇచ్చింది. మళ్లీ అంతే.

"తర్వాతివాళ్లు రండి," అన్నాడు అధికారి.

బావ నా వంక చూడనైనా లేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది. ఈ పని ఇంకొకడు చేసుంటే వాణ్ణి ఏకిపారేయడానికి నా దగ్గర మాటలు బోలెడు ఉండేవి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మేనకోడలు పిస్తోలును పెట్టెలో సర్ది మూత వేసింది.

"చాలా బాగా చేశావు మామయ్యా," అంది. "గడియారంలో అయితే పదేళ్లు తిరిగేది."