రెండు సెంటీమీటర్లు తక్కువ

ఈ కొట్టులో స్పానరు పట్టి ఇరవై ఏడేళ్లయింది. నా నోరు మంచిది కాదని పేరుంది గానీ, నా పని మంచిది కాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. బ్రేకు సరిగ్గా పడని సైకిలు నా గడప దాటదు. తొందరపెట్టేవాళ్లకి ఇంకో గంట ఆలస్యం చేసి మరీ ఇస్తాను. అలాంటిదాన్ని, ఒక్క సైకిలును మాత్రం తప్పు కొలతతో పంపాను. పొరపాటున కాదు. టేపు పెట్టి చూసుకుని మరీ పంపాను.

ఆ సైకిలు మూడు ముక్కలుగా తోపుడు బండి మీద వచ్చింది. దాని వెనకే గడియారాలాయన వచ్చాడు. రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. యాభై రెండేళ్లుంటాయి, భార్య పోయి ఎనిమిదేళ్లయింది. ముప్పై ఏళ్లు బల్ల మీదకి వంగి వంగి మెడ, నడుము రెండూ పాడైపోయాయి. మామూలు సైకిలు జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. అందుకని వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకి చాపి తొక్కే సైకిలు ఒకటి, పాతది, ఎక్కడో సంపాదించాడు.

కొట్టు ముందు భాగంలో మా వదిన కుట్టుమిషను పెట్టుకుని సంచులు కుడుతుంది. ఆవిడ కళ్లజోడు పైనుంచి ఆ ముక్కల్ని చూసి, "ఇదేంటే, పడకకుర్చీకి చక్రాలు తగిలించారు?" అంది. ఆ పేరే ఉండిపోయింది.

"దీని మీద ఎక్కడికెళ్తారు?" అని ఆయన్ని అడిగాను.

"ఓడరేవు ఊళ్లో మా చెల్లెలుందండీ. కొట్టు మూసేసి అక్కడే ఉండిపోదామని. నూట ఎనభై కిలోమీటర్లు. రెండు రోజుల్లో వెళ్లొచ్చు."

"రైలుంది కదా."

"ఉంది," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా కంటికి జానెడు దూరంలో ఉన్నవే చూస్తూ బతికానండీ. దీని మీద కూర్చుంటే తల దించక్కర్లేదట. ఒక్కసారి దూరం చూస్తూ వెళ్లాలనుంది."

మామూలుగా ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మండలేదు. నా మీద నాకే అనుమానం అప్పుడే రావాల్సింది.

ముక్కలు బిగించడానికి ఒక పూట పట్టింది. ఈ రకం సైకిలుకి సీటు ఎత్తు పెంచడం, తగ్గించడం ఉండదు. సీటు ఉన్నచోటే ఉంటుంది, పెడళ్లే దగ్గరికో దూరానికో జరుగుతాయి. పెడళ్లున్న ముందు గొట్టం, ఫ్రేము గొట్టంలోకి దూరి ఉంటుంది. రెండు బోల్టులు వదులు చేస్తే లోపలికీ బయటికీ జరుగుతుంది. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకుని రమ్మన్నాను. వీపు సీటుకి పూర్తిగా ఆనించి కూర్చోబెట్టి, పెడల్ని ఎంత దూరం పోతే అంత దూరం తిప్పి, దాని మీద మడమ పెట్టించాను. మడమ ఆనినప్పుడు కాలు తిన్నగా ఉండాలి. అప్పుడే, ముందు పాదంతో తొక్కేటప్పుడు మోకాలు రవ్వంత వంగి ఉంటుంది. గొట్టం మరీ లోపలికుంటే మోకాలు ఎక్కువ వంగి, చిప్ప ముందు నొప్పి పుడుతుంది. మరీ బయటికుంటే మోకాలి వెనక లాగుతుంది, నడుము సీటులో అటూ ఇటూ కదులుతుంది. ఆయన కాలికి నాలుగు సార్లు జరిపి చూసి బోల్టులు బిగించాను.

"అచ్చం గడియారం పనిలా ఉందండీ," అన్నాడు.

"మీ గడియారాలు మనుషుల్ని మొయ్యవు," అన్నాను. నా నోరు అంతే.

గిడ్డంగుల వెనక చదునైన రోడ్డు ఒకటుంది. పొద్దున్నే అక్కడ ఎవరూ ఉండరు. అక్కడ నేర్పాను. మొదట్లో సీటును బాగా నిలబెట్టి ఉంచాను. అలవాటయ్యేకొద్దీ కొంచెం కొంచెంగా వాల్చుకోవచ్చు. ఈ సైకిలుతో వచ్చిన చిక్కేమిటంటే, తొక్కేవాడి పాదాలు వాడి కళ్లెదుటే ఉంటాయి. వాటిని చూశాడో, పడ్డాడే. ఆయన చూశాడు. పడ్డాడు. మూరెడు ఎత్తు నుంచి పడటం కాబట్టి మోచేయి గీరుకోవడం తప్ప ఇంకేమీ కాలేదు.

"పాదాలు ఎక్కడికీ పారిపోవు, రోడ్డు చూడండి," అన్నాను. "హ్యాండిలు పట్టుకుని వేలాడకండి. బరువంతా సీటుకి వదిలేయండి."

"మరి బయల్దేరేటప్పుడు?"

"చిన్న గేరులో ఉండాలి. బ్రేకు పట్టుకుని, బలమైన కాలు పైకొచ్చిన పెడల్ మీద పెట్టండి. బ్రేకు వదిలేసి ఒక్క తోపు గట్టిగా తొయ్యండి. రెండో కాలు దానంతటదే వస్తుంది. అనుమానపడుతూ తోస్తే పడతారు."

ఆగే ముందే గేరు తగ్గించుకోవాలని వందసార్లు చెప్పాను, ఎందుకంటే దీని మీద లేచి నిలబడి తొక్కడం కుదరదు. ఇరుకు మలుపులో మడమ ముందు చక్రానికి తగలొచ్చు కాబట్టి అక్కడ తొక్కడం ఆపమన్నాను. మెడ తిప్పలేడు కనక రెండు వైపులా అద్దాలు పెట్టాను. అంత కిందన ఉన్న మనిషి లారీవాళ్ల కంటికి ఆనడు కనక, సీటు వెనక పొడుగాటి పుల్ల కట్టి దానికి వదిన చేత నారింజ రంగు జెండా కుట్టించాను.

"నువ్వు నీకెప్పుడూ ఇంత ముస్తాబు చేసుకోలేదు కదే," అంది వదిన, జెండా అంచు మడుస్తూ.

"నాకు లారీలు అడ్డం రావు," అన్నాను.

రెండు వారాలు సీటు వెనక పట్టుకుని ఆయన పక్కన పరిగెత్తాను. నలభై ఆరేళ్ల వయసులో, రొప్పుతూ. పదిహేనో రోజున సీటు నా చేతిలోంచి జారి ముందుకి పోయింది. ఆయన రోడ్డు చివరిదాకా వెళ్లి, తిరిగి నా వైపు వచ్చాడు. తల ఎత్తి, ఎక్కడో దూరం చూస్తూ, నవ్వుతూ వచ్చాడు. ఎప్పుడూ వంగి ఉండే ఆ మనిషి ముఖం నేను పూర్తిగా చూడటం అదే మొదటిసారి.

నాకు ఆయన కావాలనిపించింది. ఇంతకన్నా చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అడగడం మానేసి చాలా ఏళ్లయింది. నా దగ్గరికి జనం ఏదో ఒకటి చెడితేనే వస్తారు, బాగైతే వెళ్లిపోతారు. అందులో వాళ్ల తప్పేం లేదు, కొట్టు ఉన్నదే అందుకు. కానీ ఈయన కూడా అలాగే వెళ్లిపోతాడని తలుచుకుంటే చేతిలో పని సాగేది కాదు. ఉండమని అడగడానికి ఏ మాట వాడతారో నాకు తెలియదు.

"సోమవారం బయల్దేరతానండీ," అన్నాడు ఒక రోజు. ఆఖరిసారి అన్నీ చూసి ఇమ్మని సైకిలు వదిలి వెళ్లాడు.

టైర్లలో గాలి చూశాను. బ్రేకులు చూశాను. చైనుకి నూనె వేశాను. తర్వాత ముందు గొట్టం బోల్టులు వదులు చేసి, టేపు పెట్టి, రెండు సెంటీమీటర్లు లోపలికి తోశాను. మళ్లీ బిగించాను. గొట్టం రెండు జరిగితే చైను నాలుగు వదులవుతుంది. ఆ వదులును గేరు స్ప్రింగు మింగేసింది. కంటికి ఏమీ కనపడదు. వీధి చివరిదాకా తొక్కినా తెలియదు. ముప్పై కిలోమీటర్లు తొక్కితే మోకాలికి తెలుస్తుంది. ఇంకొక్క వారం ఉంటాడు కదా అనుకున్నాను. అంతకు మించి నా బుర్ర పనిచెయ్యలేదు.

ఆదివారం ఆయన అలవాటు కోసమని నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చి, మోకాలి చిప్ప దగ్గర నొప్పిగా ఉందన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, "సీటు వాలు మార్చి చూద్దాం," అన్నాను. సోమవారం ప్రయాణం ఆగిపోయింది. నాలుగు రోజులకి అదే నొప్పితో మళ్లీ వచ్చాడు. పెద్ద గేరు వాడొద్దని, తేలిక గేరులో గబగబా తొక్కమని చెప్పాను. అది మంచి సలహానే. అందుకే నోరు పెగిలింది. వచ్చినప్పుడల్లా ఎదురుగా స్టూలు మీద గంటసేపు కూర్చునేవాడు. లోలకం ఊగే పెద్ద గడియారాలు పక్క పక్కన వేలాడదీస్తే, ఒకే గోడకి ఉన్నవి మెల్లమెల్లగా ఒకదాని ఊపుని ఇంకొకటి అందుకుంటాయని చెప్పేవాడు. ఆ గంట కోసం నేను మిగతా రోజులన్నీ కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

మూడు వారాలు ఇలాగే గడిచాయి.

"ఆయన కుంటుతున్నాడే," అంది వదిన ఒక మధ్యాహ్నం, దారం పళ్లతో తెంపుతూ.

"ఊ," అన్నాను.

"నువ్వు ఒక సైకిలుని ఇన్నాళ్లు బాగుచెయ్యలేకపోవడం నేను చూడ్డం ఇదే."

అంతకు మించి ఏమీ అనలేదు. ఆవిడ ఎత్తిపొడిస్తే నేను తిరిగి అనగలను. నెమ్మదిగా మాట్లాడితేనే నాకు భయం.

మర్నాడు ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. మోకాలికి కట్టు ఉంది.

"దీన్ని ఎవరికైనా అమ్మిపెడతారా?" అన్నాడు. "మెడ పోయింది, నడుము పోయింది. మోకాళ్లైనా మిగిలాయనుకున్నాను. అవీ అయిపోయాయండీ. మంగళవారం రైలుకి టిక్కెట్టు తీసుకున్నాను."

ఆయన తల మళ్లీ నేల వైపు వాలిపోయింది. నేను ఆయన్ని ఆపలేకపోయాను సరికదా, ఆయనకున్న ఒక్క కోరికనీ నా చేతులతో విరిచేశాను. ఎల్ కీ తీసి బోల్టులు వదులు చేశాను. గొట్టం బయటికి లాగాను. మునుపు బిగింపు పడిన చోట, రంగు మీద గుండ్రంగా పడిన గీత ఒకటి బయటికొచ్చింది. అలాంటి గీతల్ని ఆయన కన్ను ఊరికే వదిలిపెట్టదు. వంగి వేలితో తడిమాడు.

"ఇంతకు ముందు ఇక్కడుండేదా?"

అబద్ధానికి ఇంకా చోటుంది. బోల్టు వదులై జారిందనొచ్చు. అలా జారడం కూడా మామూలే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉండేది. నేనే లోపలికి తోశాను."

"ఎందుకు?"

"సరిగ్గా ఉంటే మీరు వెళ్లిపోతారని."

వదిన మిషను ఆగిపోయింది. ఆయన వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది.

"నా దగ్గరికొచ్చిన ఏ గడియారాన్నీ నేను కావాలని చెడగొట్టలేదండీ," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నా ఒళ్లు ఇక అయిపోయిందనుకున్నాను. మూడు వారాలు అదే అనుకుంటూ ఉన్నాను."

"తప్పు చేశాను," అన్నాను. ఆ మాట నేను ఎంతమందితో అన్నానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండో వేలు అక్కర్లేదు. "మోకాలికి వారం రోజులు విశ్రాంతి ఇవ్వండి. తర్వాత ఐదు కిలోమీటర్లు, పది, అలా పెంచుకుంటూ పోండి. నొప్పి రాదు."

బోల్టులు బిగించాక ఆయనే కూర్చుని, మడమ పెట్టి కొలత చూసుకున్నాడు. ఆయనకి నా మాట చాల్లేదు. కాలు తిన్నగా ఉంది. లేచి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. టిక్కెట్టు ఉంచుకున్నాడో, వెనక్కిచ్చాడో నేను అడగలేదు.

మంగళవారం పోయింది. ఇంకో వారం పోయింది. పనిలో ఉన్నా ఒక కన్ను వీధి మీదే ఉండేది. పదహారో రోజు పొద్దున వదిన మార్కెట్టు నుంచి వచ్చి, సంచి కింద పెట్టకుండానే చెప్పింది.

"ఆయన వెళ్లిపోయాడే. వెనక రెండు సంచులు కట్టుకున్నాడు. మన వీధిలోంచి రాలేదు, చుట్టుదారిన పోయాడు."

"ఎలా తొక్కుతున్నాడు?"

"తల ఎత్తుకుని," అంది వదిన.

ఆ రోజు నాలుగు పంక్చర్లు వేశాను. ఎవరి సైకిళ్లో ఒక్కటీ గుర్తులేదు.

మర్నాడు సాయంత్రం కొట్టు ఫోను మోగింది.

"చేరానండీ," అన్నాడు.

గొంతు వినగానే స్టూలు లాక్కుని కూర్చున్నాను. కోపం పోయిందో, ఉందో తెలియలేదు. నాకు చేతనైంది పని గురించి మాట్లాడటం ఒక్కటే.

"మోకాలు?"

"నొప్పి లేదు."

"చైను చప్పుడు చేస్తోందా?"

"లేదు."

"గేర్లు జారుతున్నాయా? బ్రేకులు పట్టేస్తున్నాయా?"

"అన్నీ బాగున్నాయండీ. ఒక్క లోపం కూడా లేదు. అది చెబుదామనే ఫోను చేశాను."

ఇరవై ఏడేళ్లుగా నేను పని చేసింది ఆ మాట కోసమే. ఇప్పుడు అది వింటుంటే చెయ్యి చాపినా పట్టుకోవడానికి ఏమీ దొరకనట్టుంది. ఆయన కూడా ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఎక్కడో ఓడ కూత వినిపించింది.

"దారి ఎలా ఉంది?" అన్నాను.

"చాలా దూరం కనిపిస్తుందండీ. ఈ మధ్యాహ్నం సముద్రం కనపడింది. కనపడ్డాక కూడా గంటసేపు తొక్కాను."

ఆయన ఆ గంటసేపు ఎలా ఉన్నాడో చూడలేకపోయినందుకు నాకు ఏడుపొచ్చింది. వదిన కత్తెర పక్కన పెట్టి నా వైపే చూస్తోంది. చూడనీ అనుకున్నాను.

"ఏ రిపేరూ లేకపోయినా రండి," అన్నాను. "ఊరికే రండి. నాకు మిమ్మల్ని చూడాలనుంది."

నేను హద్దు దాటి అడిగానేమో, పెట్టేశాడేమో అనుకున్నాను.

"అటు వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుందండీ," అన్నాడు.

"ఉంటే మెల్లగా రండి," అన్నాను. "నేనెక్కడికీ పోను."