పాలు చేపించడానికి వెళ్లిన దూడ

గార్డెన్ రీచ్‌లో మా వీధి పశువులకు గాలికుంటు వ్యాధి సోకింది. వైరస్‌ను అడ్డుకునే కొత్త ప్రోటీన్ సూదిని నిన్న సాయంత్రం మా దూడకు వేశారు.

"రేపు మధ్యాహ్నం దాకా మందు పనిచేయదు. అప్పటివరకు దూడను బయటికి పంపొద్దు," అన్నారు డాక్టరు.

పొద్దున లేచేసరికి రాట దగ్గర దూడ లేదు.

"దూడేదత్తా?"

"పక్కింటి బిస్వాస్‌దా తీసుకెళ్నాడు. ఆళ్ల దూడ సచ్చిపోయింది కదేటి? మనది నోరెడితేనే ఆ ఆవు పాలు సేపుతాది. రోజూ పంపిందే కదా," అంది అత్త అమ్మన్నమ్మ. "అయినా సూదేసీసినారు, ఇంక భయమేటి?"

పక్క పాకకు పరుగెత్తాను. దూడ పొదుగు వదలడం లేదు. ఆవు నోటి నుంచి నురగ తీగలుగా కారుతోంది.

దూడను లాక్కొచ్చి మూతి కడిగాను. అత్త దాని నోరు తెరిచి చూసింది. వ్యాధి అంటినా రెండు రోజుల దాకా పొక్కులు కనబడవని తెలిసీ నేనూ వంగి చూశాను.