తాగని నీళ్ళు

“నీళ్ళు ఎక్కువ తాగకు. మళ్ళీ దార్లో ఆపమంటావ్.”

కారు ఇంకా వాళ్ళుండే బర్నబీ కూడా దాటలేదు. ఝాన్సీలక్ష్మి చేతిలో సీసా మూత సగం తిరిగి ఉంది. జయదేవ్ ఆ మాట కోపంగా ఏమీ అనలేదు, పదకొండేళ్ళుగా ఏ ప్రయాణం మొదలైనా అనే మాటే అది. ఆమె మూత బిగించి సీసాని కాళ్ళ దగ్గర పెట్టేసింది. ఫార్మసీ చదివి, విజయవాడ ఆసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర నాలుగేళ్ళు నిలబడి, మూత్రం మంటగా ఉందని గొంతు తగ్గించి చెప్పుకునే ప్రతి ఆడమనిషినీ “నీళ్ళు బాగా తాగమ్మా” అని పంపిన మనిషి! ఈ ఏడాది అదే మంటకి తనే రెండుసార్లు మందులు మింగింది. ఎవరితో చెప్పుకుంటుంది?

జయదేవ్ ఆఫీసువాళ్ళు ఏటా ఒకసారి ఎక్కడికో వెళ్తారు. ఈసారి గ్లేసియర్ మీద, అంటే కొండమీది మంచుమేట మీద, నడవడంలో ఒకరోజు శిక్షణ. “నీకూ కాస్త బ్రేక్” అని ఆమె పేరు కూడా ఇచ్చాడు. ఆ బ్రేక్ కోసం ఆమె తెల్లారకముందే లేచి అందరికీ పులిహోర కలిపింది, బేస్‌మెంట్‌లో ఉన్న ముగ్గురమ్మాయిలకి రెండు పూటలా తిండి డబ్బాల్లో సర్దింది. వాళ్ళు జయదేవ్ తరఫు చుట్టాలు, స్టడీ పర్మిట్ మీద వచ్చారు. రూమ్ దొరికేదాకా ఒక్క వారం అని దిగారు, ఏడాది దాటింది. ఆ రోజుల్లో ఏ తెలుగింటి బేస్‌మెంట్ తలుపు తీసినా ఇదే సంత. పాపం, పిల్లలు మంచివాళ్ళే. “అత్తా, నీ చారు సూపర్” అంటారు. గిన్నె మాత్రం సింకులో పడేసి పోతారు.

స్క్వామిష్ ఊరు దాటాక జయదేవ్ అసలు సంగతి ఎత్తాడు.

“సెప్టెంబర్లో అక్క కూతుర్లిద్దరూ వస్తున్నారు. రూములు ఎక్కడా దొరకట్లేదట. నీ చదువుకునే గది ఇచ్చేద్దాం. సాయంత్రం అక్కకి ఫోన్ చేసి ఖాయం చేసేస్తా. నీకేం ప్రాబ్లం లేదుగా?” అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపే, “వంట ఎలాగూ చేస్తావ్, ఇంకో గుప్పెడు బియ్యం” అని జవాబు కూడా తనే చెప్పేసుకున్నాడు.

ఝాన్సీ “ఊఁ” అంది. అని, తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ గది అంటే ఏమంత గది? హీటర్ మోత పక్కనే, ఒక బల్ల, ఒక కుర్చీ, పుస్తకాలు. ఇక్కడ ఫార్మసిస్టుగా పని చెయ్యాలంటే రాయాల్సిన పరీక్షకి మొదటిసారి అప్లై చేసినప్పుడు అత్తగారు జానకమ్మ ఆర్నెల్లుండటానికి వచ్చింది. “ఈ వయసులో పరీక్షలేంటమ్మా, వాడికి వేడిగా ఇంత అన్నం పెట్టక” అంది. రెండోసారి ఈ అమ్మాయిలు దిగారు. ఇప్పుడు నవంబర్‌కి మూడోసారి. గది పోయిందంటే పరీక్ష పోయినట్టే, అది ఆమెకి ఖాయంగా తెలుసు. మరి నోరు విప్పవేం? ఎక్కడ విప్పాలి? కారులో అంటే “డ్రైవ్ చేసేటప్పుడు గొడవ పెట్టుకోకు.” ఇంట్లో అంటే “ఇప్పుడే కదా మీటింగ్ అయింది, తల పగిలిపోతోంది.” పక్క మీద అంటే అటు తిరిగి పడుకుంటాడు. నలుగురిలో అంటే పరువు. అద్దంలోంచి పక్కకి జారిపోతున్న కొండల్ని చూస్తూ, తను మాట్లాడటానికి ఈ భూమ్మీద ఒక చోటు లేదేమో అనుకుంది.

గైడ్ పేరు హెదర్. యాభై దాటిన మనిషి, ఎండకి మాడిన మొహం. బూట్లకి ఇనుపముళ్ళు కట్టుకోవడం, జారితే ఐస్ యాక్స్ అనే గొడ్డలిని మంచులో దిగేసి ఆగడం నేర్పింది. ఝాన్సీ రెండోసారికే ఆగగలిగింది. “అలా కాదు, ఇలా” అని జయదేవ్ సరిదిద్దబోయాడు, పొద్దున్నే తనూ కొత్తగా నేర్చుకున్నవాడు. తర్వాత నడుముకీ తొడలకీ బెల్టులు బిగించి నలుగురికొక తాడు చొప్పున కట్టారు. వీళ్ళ తాడుకి ముందు హెదర్, వెనక ఝాన్సీ, ఆ వెనక జయదేవ్, చివర అతని మేనేజర్ రంగనాథ్ గారు, గుంటూరాయన. మంచు కింద పగుళ్ళుంటాయి కాబట్టి ఎవరూ తాడు విప్పకూడదు. ఎవరు “స్టాప్” అన్నా అందరూ ఆగాలి, ఎందుకని అడగకూడదు.

భోజనాల దగ్గర హెదర్ అందరి సీసాలూ చూసింది. ఝాన్సీది నిండుగా ఉంది.

“తనకి దాహం తక్కువ” అన్నాడు జయదేవ్.

“నేను ఆవిణ్ణి అడిగాను” అంది హెదర్, నెమ్మదిగానే.

ఝాన్సీ సిగ్గుతో చచ్చిపోతూ విషయం చెప్పింది. హెదర్ ఆశ్చర్యపోలేదు, జాలిపడలేదు. నడుం బెల్టు విప్పకుండా వెనక తొడలకున్న పట్టీలు మాత్రం ఎలా వదులు చేసుకోవాలో చూపించింది. “ఆపమను. మేం మొహాలు తిప్పుకుంటాం. నువ్వు సరే అనేదాకా ఎవరూ తిరగరు. ముందు నీళ్ళు తాగు.” ఝాన్సీ గటగటా సగం సీసా తాగింది. అబ్బ, ఎంత చల్లగా దిగాయో!

తిరుగు దారిలో మిగతా తాళ్ళవాళ్ళు ముందు వెళ్ళిపోయారు. అరగంట గడిచేసరికి పొత్తికడుపు బిగుసుకుపోయింది. వెనక్కి చూసి జయదేవ్‌కి చెప్పింది. వెనక నుంచి జయదేవ్ తెలుగులో, “కాసేపు ఓర్చుకో. రంగనాథ్ గారున్నారు, అసహ్యంగా ఉంటుంది” అన్నాడు.

కాసేపు. పదకొండేళ్ళ నుంచీ కాసేపే.

“స్టాప్!” అంది ఝాన్సీ. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది గొంతు.

హెదర్ ఆగిపోయింది. రంగనాథ్ గారు ఆగి, ఏమీ అడక్కుండా, చటుక్కున అటు తిరిగి ఆకాశం చూడసాగారు. జయదేవ్ కూడా తిరగక తప్పలేదు. “తొందరేం లేదు” అంది హెదర్ వెనక్కి చూడకుండానే. ఆ రెండు మాటలకి ఝాన్సీకి ఏడుపొచ్చింది. మంచులో కూర్చుని, ముక్కు చీదుకుంటూ, హాయిగా కానిచ్చింది. తర్వాత లేచి పట్టీలు బిగించుకుంది.

ఇక సరే అనాలి. ముగ్గురు మనుషులు ఆమె నోటి మాట కోసం నిలబడి ఉన్నారు. ఎదురుగా జయదేవ్ వీపు. ఇన్నేళ్ళలో అతను ఆమె కోసం ఇంతసేపు మాట్లాడకుండా ఆగింది లేదు.

“ఏవండీ, వదినగారికి మీరు ఫోన్ చెయ్యక్కర్లేదు” అంది. “నేనే చేస్తాను. గది ఖాళీ లేదని చెప్తాను.”

జయదేవ్ భుజాలు బిగిశాయి. “ఇప్పుడా? పిచ్చా నీకు? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం” అంటూ ఇటు తిరగబోయాడు.

“జయదేవ్” అన్నారు రంగనాథ్ గారు ఆకాశం మీంచి చూపు తిప్పకుండా, “ఆవిడ ఇంకా సరే అనలేదు.”

జయదేవ్ మళ్ళీ అటు తిరిగాడు. ఎర్రబడ్డ అతని చెవులు చూసి ఆమెకి పాత భయం వేసింది. సాయంత్రం కారులో ఎలా ఉంటుందో, ఇంట్లో ఎన్ని రోజులు మాటలుండవో తెలుసు. అయినా సరే అనలేదు.

“బేస్‌మెంట్ పిల్లల వంట కూడా వచ్చే వారం నుంచి వాళ్ళే చేసుకుంటారు” అంది. “ఇంకా ఉంది, వినండి.”