పదకొండు రోజుల కొరియా

ఆ ల్యాబ్‌లో పళ్ళు తయారవుతాయి. కిటికీ పక్క బల్ల దగ్గర ఒకామె మైనంతో పంటి ఆకారం చెక్కుతుంది. ఆనుకుని ఉన్న బల్ల దగ్గర ఇంకొకామె సన్నటి కుంచెతో పింగాణీ పొరలు వేసి, పక్క పళ్ళ రంగులో కలిసిపోయేలా చేస్తుంది. ఎనిమిదేళ్ళుగా అదే పని కావడంతో అసలు పేర్లు మరుగున పడి, అందరి నోట్లో మైనం, పింగాణీ అన్నవే మిగిలాయి.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచి, ఒకే ఫోనులో కొరియా సీరియళ్ళు చూడటం ఇద్దరికీ అలవాటు. ఒకరోజు పింగాణీ అంది, "ఎన్నాళ్ళే ఇలా అరచేతిలో చూడటం? పోదాం పద."

"ప్లాన్ నువ్వు వెయ్యి. నవ్వుతూ వెనకాలే వచ్చే పని నాది," అంది మైనం.

ఏడాది పట్టింది ఆ ప్లానుకి. ఒక నోట్‌బుక్ నిండా రాసింది పింగాణీ. సియోల్‌లో హన్‌బొక్ అనే కొరియా సంప్రదాయ దుస్తులు అద్దెకు తీసుకుని పాత రాజభవనం చుట్టూ తిరగడం. అక్టోబరులో ఆకులు ఎర్రబడే సొరాక్ కొండలు. జేజు దీవిలో ఊపిరి బిగబట్టి సముద్రంలోకి మునిగి ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ళు. వాళ్ళలో ఒక ముసలమ్మ ఇంట్లోనే బస. వెచ్చటి నేల ఉన్న గది, కిటికీ తెరిస్తే సముద్రం. అలాంటి గది ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. దానికోసం పింగాణీ నాలుగు నెలలు ఆ ముసలమ్మ మనవరాలితో మెయిళ్ళు నడిపింది.

ఏప్రిల్‌లోనే ఇద్దరి పదకొండు రోజుల అక్టోబరు సెలవు చీటీల మీదా మేనేజరమ్మ సంతకం పెట్టింది. "మా అమ్మాయి చూస్తానంటోంది," అని నోట్‌బుక్ కూడా అడిగి తీసుకెళ్ళి మూడు రోజులు ఉంచుకుంది. పింగాణీ మురిసిపోయింది.

సెప్టెంబరులో అదే మేనేజరమ్మ వాళ్ళ బల్లల మధ్య నిలబడి, "పెద్ద ఆర్డరొచ్చింది. మీ సెలవులు రద్దు," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా పింగాణీ కళ్ళనీళ్ళు మింగుకుంటూ పని చేసింది. విమానం టిక్కెట్లు వెనక్కివ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. గది వద్దని రాసింది. మర్నాడు టీ వేళకి ముసలమ్మ మనవరాలి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "పరవాలేదు. అవే తేదీలకు, అదే గది కావాలని మీ స్నేహితురాలు కూడా అడిగారు. ఆమెకు ఇస్తున్నాం."

కింద మేనేజరమ్మ పేరు, ఆమె తోడికోడలి పేరు.

పింగాణీకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో కుంచె బల్ల మీద పడేసి మేనేజరమ్మ గదిలోకి నడిచింది. మైనం కంగారుగా వెనకాలే వచ్చింది.

"ఇదేంటి మేడమ్?" ఫోను ముఖం మీదికి చాపింది.

మేనేజరమ్మ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అయితే ఏంటి? నేను వెళ్ళకూడదా? కొరియా ఏమన్నా మీ నాన్నగారి ఆస్తా?"

"కాదు. సెలవు మాత్రం నాది. నాది రద్దు చేసి మీరెలా వెళ్తారు? గది కూడా నా పుస్తకంలోదే కదా!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను! ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు మేడమ్ ఆ ఇంటికి?" మైనం వైపు తిరిగింది. "నువ్వు చెప్పవేం?"

 మైనం మేనేజరమ్మతో, "తనకి కాస్త కోపం ఎక్కువ మేడమ్. ఏమీ అనుకోకండి," అంది.

పింగాణీ గదిలోంచి బయటికొచ్చేసింది. తర్వాత సంతకం ఉన్న సెలవు చీటీ తీసుకుని ల్యాబ్ యజమాని దగ్గరికి వెళ్ళింది.

ఆయన అంతా విని విసుక్కున్నాడు. "ఆవిడా వెళ్ళదు, మీరూ వెళ్ళరు. సరిపోయిందా?"

"సరిపోలేదు సార్. ఆవిణ్ని ఆపమని నేనడగలేదు. నా సెలవు నాకివ్వమన్నాను. ఆ పదకొండు రోజులూ నేను రాను. తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఎవరైనా ఉంటే, ముందుపళ్ళకి రంగు వాళ్ళచేతే కలిపించుకోండి."

ముందుపళ్ళకి రంగు కలపడం ఆ ల్యాబ్‌లో ఇంకెవరికీ చేతకాదని ఆయనకు తెలుసు. చాలాసేపు చీటీ అటూ ఇటూ తిప్పాడు. చివరికి మేనేజరమ్మని పిలిచి, "మీ ప్రయాణం నవంబరుకి పెట్టుకోండి," అన్నాడు. గది మళ్ళీ పింగాణీకి దక్కింది.

"మరి నీ సెలవో?" అని ఆయన మైనాన్ని అడిగాడు.

"నాకొద్దు సార్."

ఆ సాయంత్రం చేతులు కడుక్కునే చోట మైనం పింగాణీని ఆపింది. "మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూసేసి మూడు నెలలైందే. ఈ ఉద్యోగం కూడా పోతే..."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు కూడా ఆగిపోతావని."

"నీ భయం నాకర్థమైంది. దానికి నిన్నేమీ అనను. కానీ ఆవిడ ముందు నిలబడి నాకు కోపం ఎక్కువన్నావు చూడు, అది భయం కాదే. ఆవిడ పక్కకి జరగడం." పింగాణీ కుళాయి కట్టేసింది. "ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చుని!"



తర్వాతి మూడు వారాలూ ఇద్దరూ వేరువేరుగా తిన్నారు. పంటి అచ్చు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కూడా బల్ల మీద పెట్టేవారే తప్ప చేతికివ్వలేదు. పింగాణీ కోపం తగ్గలేదు. రాత్రి సూట్‌కేస్ సర్దుతున్నప్పుడు కూడా మైనంతో మనసులో పోట్లాడుతూనే ఉండేది.

ప్రయాణానికి ముందురోజు గుమ్మం దాకా వచ్చి మైనం మెల్లగా అంది. "ఫోటోలు తియ్యవే."

"తియ్యను," అంది పింగాణీ. "నువ్వే అక్కడికొచ్చి చూసుకో."

విసురుగా మెట్లు దిగి బస్సెక్కింది. సీట్లో కూర్చున్నాకగానీ గమనించలేదు, ఒంటి మీద ల్యాబ్ ఆప్రాన్ అలాగే ఉంది, దాని నిండా తెల్లటి పొడి. వెనక్కి వెళ్ళి ఇచ్చిరాబుద్ధి కాలేదు. అక్కడే విప్పి, ఉండచుట్టి సంచీలో కుక్కుకుంది.