చేతికందే దూరం

రేవులో అందరూ అతన్ని తాళ్ళాయన అనే పిలుస్తారు. తెరచాప పడవలకి తాళ్ళు, గిలకలు, ఆ తాళ్ళని బిగబట్టి ఉంచే క్లీట్లు అమ్మడం, దగ్గరుండి అమర్చడం అతని పని. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ దాన్ని కరెంటు ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ వాడరు. కొట్టు చిన్నది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు తాడుచుట్ట మీద కూర్చోవాల్సిందే. ఆ రోజు కొట్టులో ఇంకెవరూ లేకపోయినా, అతని బావ వస్తూనే తాడుచుట్ట మీద కూలబడ్డాడు.

"ఏం బామ్మర్దీ, ఈగలు తోలుకుంటున్నావా?"

"నీలాంటి బేరగాళ్ళకంటే ఈగలే నయం బావా. నస పెట్టవు."

బావ నవ్వాడు. నవ్వితే చొక్కా కదిలింది కానీ లోపల మనిషి పెద్దగా కదిలినట్టు లేదు, అంతగా చిక్కిపోయాడు. లిఫ్టు మెకానిక్కుగా బతుకంతా ఇనుపతాళ్ళ మధ్య గడిపి, రిటైరయ్యాక కూడా తాళ్ళని వదలకుండా పడవ కొనుక్కున్న మనిషి. ఇద్దరు పట్టే కొయ్య పడవ అది. చుక్కాని, పెద్ద తెరచాప నడిపేది అతని పెళ్ళాం, తాళ్ళాయన అక్క. ముందున్న చిన్న తెరచాప, దాని తాళ్ళన్నీ చూసుకునేది బావ. కడుపులో గడ్డ సంగతి బయటపడేదాకా వాళ్ళిద్దరూ గాలి ఉన్న ఏ ఆదివారమూ ఒడ్డున ఉండి ఎరగరు.

"క్లీట్లన్నీ మార్చాలిరా. మొత్తం. ప్రతిదీ మీ అక్క కూర్చున్న చోటు నుంచి లేవకుండా అందాలి."

"అన్నీ అక్కకేనా? మరి నువ్వు? టిక్కెట్టు కొనుక్కుని ఎక్కుతావా?"

ఆ మాట అనేశాక గానీ తాళ్ళాయనకి తెలియలేదు, అనకూడనిది అన్నానని. బావ తాడుచుట్టలోంచి బయటికొచ్చిన కొసని వేళ్ళతో సవరిస్తూ కూర్చున్నాడు.

"వచ్చే సీజనుకి నేను ఉండనురా" అన్నాడు. లిఫ్టు పనిచెయ్యడం లేదు, మెట్లెక్కి వెళ్ళండి అని చెప్పినట్టే చెప్పాడు. "డాక్టరు మందు మార్చడం కూడా మానేశాడు. మీ అక్క పడవ మీదుంటే మనిషి. ఒడ్డున ఉంటే కుట్టుమిషను, గోడ. నేను పోయాక అది ఒక్కతే ఆ పడవని బయటికి తీసుకెళ్ళి, ఒక్కతే తిరిగి తేగలగాలి. నాకు ఇంకేం అక్కర్లేదు."

ఓదార్చడం తాళ్ళాయనకి చేతకాదు. వస్తువులు తీసి చూపించడం చేతనవును. అందుకని డ్రాయర్లు లాగి, ఉన్న క్లీట్లన్నీ బల్ల మీద పరిచాడు.

ముందు కొమ్ముల క్లీటు తీశాడు. రెండు కొమ్ముల చుట్టూ తాడుని అటూ ఇటూ మెలివేసి చుట్టాలి. బావ తల అడ్డంగా ఊపాడు. "చుట్టడానికి వేళ్ళు వంగొద్దూ?" తరవాత దవడల క్లీటు. పళ్ళున్న రెండు దవడల మధ్య తాడుని పైనుంచి నొక్కితే అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుంటుంది, పైకి ఒక్క విదిలింపు ఇస్తే ఊడొస్తుంది. తాళ్ళాయన తన దగ్గరున్న వాటిలోకెల్లా గట్టి స్ప్రింగుది ఎంచి, తాడు బిగించి, రెండు చేతులా లాగి చూపించాడు.

"చూడు బావా. ఏనుగుని కట్టేసినా వదలదు."

"ఏనుగుని నువ్వే ఉంచుకో. కాస్త ఆ టేపు ఇలా ఇవ్వు."

బావ తన ఎడమచేతి వేళ్ళని రెండేసి చొప్పున కలిపి టేపు చుట్టుకున్నాడు. బొటనవేలికి కూడా చుట్టాడు, కణుపు దగ్గర వంగకుండా. ఆ మొద్దు చేత్తో తాడు పట్టుకుని పైకి విదిలించాడు. రాలేదు. మళ్ళీ విదిలించాడు. నుదుటి మీద చెమట పోసిందిగానీ తాడు రాలేదు.

"ఇదేం వేషం బావా?"

"మీ అక్క చెయ్యి. పొద్దున లేవగానే ఇలాగే ఉంటుంది. ఎడమచేతివాటం కదా, కీళ్ళవాతం కూడా అటే ఎక్కువ పట్టింది. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటుంది, నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. తోడబుట్టినవాడు, వారానికోసారి ఆ ఇంట్లో భోంచేసేవాడు, చూడలేదు. తాళ్ళాయన తలదించుకుని ఇంకో డ్రాయరు లాగాడు.

"పట్టుకోవడం చూడకురా, వదలడం చూడు" అన్నాడు బావ. "పట్టుకోవడం తలుపు గొళ్ళెం కూడా పట్టుకుంటుంది. గాలి ఒక్కసారిగా విసిరి కొట్టినప్పుడు తాడు వదల్లేకపోతే పడవ బోర్లాపడుతుంది."

ఆ మధ్యాహ్నమంతా అదే పని. తాడు సన్నగా ఉంటే చేతిని కోస్తుంది, లావుగా ఉంటే చిన్న దవడల్లో కూర్చోదు. పెద్ద దవడలు తెస్తే స్ప్రింగు బిగువు. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి అన్నట్టయింది వాళ్ళ బేరం. చివరికి తాళ్ళాయన ఒక జత దవడలు విప్పి, స్ప్రింగులు తీసి మెత్తవి వేసి, తాడు తిన్నగా వచ్చి దిగేలా ముందు ఒక నున్నని కన్నం ఉన్న ముక్క అమర్చాడు. మెత్తటి అల్లిక తాడు, చేతినిండా వచ్చేది, అందులో వేసి లాగాడు. పట్టింది. బావ టేపు చేత్తో విదిలించాడు. వచ్చేసింది. మళ్ళీ వేయించుకుని మళ్ళీ విదిలించాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహం పెట్టుకుని ఇంకా ఇంకా వేయించుకున్నాడు.

"ఇది. ఇలాంటివి అన్ని తాళ్ళకీ కావాలి."

కొనడం ఒక ఎత్తు, బిగించడం ఇంకో ఎత్తు. ఏ క్లీటు ఎక్కడ అని కొలబద్ద పెట్టి తేల్చే అలవాటు తాళ్ళాయనకి లేదు. పడవ మనిషిని తన చోట కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఫలానా తాడు అందుకో అంటాడు. చెయ్యి తనంతట తాను ఎక్కడ వాలితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతాడు. కళ్ళు తెరిచి ఉన్నవాడు అందుకోవాలనుకున్న చోటికి చాపుతాడు, కళ్ళు మూసుకున్నవాడి చెయ్యే నిజం చెబుతుంది అంటాడు. గాలివానలో ఎవడూ చూసుకుని పట్టుకోడు కదా.

షెడ్డులో దిమ్మల మీద ఉన్న పడవలోకి అక్క ఎక్కి, చుక్కాని కర్ర పక్కన తన చోట కూర్చుంది. పాత క్లీట్లు తుప్పు పట్టాయనే బావ చెప్పి తీసుకొచ్చాడు. అక్క పిచ్చిదేం కాదు. బల్ల మీది కొత్త సామాను చూసింది, ఎదురుగా ఖాళీగా ఉన్న బావ చోటు చూసింది.

"మీరూ ఎక్కండి. మీ చేతికి ఏది ఎక్కడ అందుతుందో చూడొద్దూ?"

"నా సంగతి తరవాత."

"తరవాత ఎప్పుడు?"

తాళ్ళాయన సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటకి అడ్డుపడితే అడ్డుపడినవాడికే దెబ్బలు.

"ఆ తాళ్ళన్నీ నా వైపు తెస్తున్నారు. మీ పేరు మీరే కొట్టేసుకుంటున్నారు ఇందులోంచి" అంది అక్క. "నాకొద్దు. మీరు లేని పడవ నాకెందుకండీ? పుచ్చిపోనివ్వండి."

"అది పుచ్చిపోతే ఫరవాలేదే. దాంతోపాటు ఇంట్లో కూర్చుని నువ్వు పుచ్చిపోతావు. నేను చూడలేను."

"చూడ్డానికి మీరెక్కడుంటారు గనక!"

అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట బయటికి అనలేదు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ పడవ అంచు పట్టుకుని, మెల్లిగా వంగి, ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

"కళ్ళు మూసుకో. నాకోసం."

అక్క మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. బావ ఒక్కో తాడు పేరూ చెప్పాడు. ఆమె చెయ్యి వాలిన ప్రతిచోటా, తాళ్ళాయన చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, గుర్తు తనే పెట్టాడు.

డ్రిల్లు ఎత్తే బలం బావకి లేదు. అయినా ఊరుకోలేదు. పైన తాళ్ళాయన రంధ్రం వేస్తే, తను పడవ కడుపులోకి దూరి వెల్లకిలా పడుకుని, వాషరు వేసి నట్టు పట్టుకున్నాడు. నీళ్ళు దిగకుండా బోల్టు చుట్టూ జిగురు పూశావా లేదా అని కిందనుంచే కేకలు వేశాడు. "బామ్మర్దీ, నీ పనితనం లిఫ్టుకి చూపించుంటే ఊళ్ళో సగంమంది పోయేవాళ్ళు!" అన్నాడు. జబ్బు పడ్డాక అంత సంతోషంగా అతన్ని తాళ్ళాయన చూడలేదు. అన్నీ అయ్యాక అతన్ని బయటికి ఎత్తాల్సి వచ్చింది. పసిపిల్లాడంత బరువున్నాడు.

సీజను రాకముందే బావ పోయాడు.

సీజను వచ్చింది. తక్కిన పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి. అక్క పడవ షెడ్డులో గుడ్డ కప్పుకునే ఉంది. తాళ్ళాయన వారం వారం వెళ్ళి అన్నం తిని, పడవ ఊసెత్తకుండా తిరిగొచ్చేవాడు. ఎత్తుదామనుకున్న ప్రతిసారీ అక్క మిషను చక్రం గట్టిగా తిప్పేది. బావ ఆఖరి కోరిక ఆ గుడ్డ కింద పుచ్చిపోతోందని అతనికి నిద్ర పట్టేది కాదు. చెప్పినా వినదు, చెప్పకపోతే తను నిలవలేడు.

అలాంటిది ఒకరోజు ఆమే కొట్టుకి వచ్చి గుమ్మంలో నిలబడింది. "గాలి బాగుంది. పద" అంది. "నువ్వు ముందు కూర్చో. దేని మీదా చెయ్యి వెయ్యకు."

పడవని నీళ్ళలోకి దించాక తాళ్ళాయన బావ చోట, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. అక్క పడవని రేవు దాటించింది. తెరచాపలు రెండూ తనే ఎత్తింది, తనే బిగించింది. కళ్ళు గాలి మీదే ఉన్నాయి, చెయ్యి తన దారిన తాను వెళ్ళి ప్రతి తాడునీ అందుకుంది. రాళ్ళగట్టు దాటే మలుపులో గాలి ఒక్కసారిగా కొట్టింది. పడవ పక్కకి ఒరిగింది. అక్క ఎడమచెయ్యి అప్పటికే విదిలించేసింది. తాడు దవడల్లోంచి సర్రున వదిలింది, పడవ నిటారుగా లేచింది.

అతనికి కేక వెయ్యాలనిపించింది. తన చేతిపని, బావ పంతం, రెండూ గెలిచాయి.

"చూశావా అక్కా! ఎంత తేలిగ్గా వదిలిందో! బావ ఉంటే..."

వెనక్కి తిరిగేసరికి అక్క ఏడుస్తోంది. చుక్కాని వదల్లేదు, దారి తప్పలేదు. కానీ షెడ్డులో ఏడ్చినట్టు కాదు, నోరు తెరిచి, చిన్నపిల్లలు ఏడ్చినట్టు ఏడుస్తోంది.

"ఈ మలుపు దగ్గర ఎప్పుడూ అరిచేదాన్నిరా. ఏమండీ వదలండి, వదలండి, చెవుడా మీకు అని. ఒడ్డు మీదున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన కావాలనే ఒక క్షణం ఆలస్యం చేసేవారు, నేను తిట్టాలని. ఇవాళ నోరు తెరిచాను. అరిచేలోపే నా చెయ్యే వదిలేసింది." ఆమెకి ఊపిరి అందలేదు. "బయల్దేరిన దగ్గర్నుంచి చూస్తున్నాను. ఒక్కదానికైనా ఆయన్ని పిలవాల్సిన పని లేకుండా చేసిపోయారురా."

తనూ బావా కలిసి ఎంతో ప్రేమగా, ఎంతో ఒడుపుగా చేసిన తప్పు ఇదేనని తాళ్ళాయనకి అప్పుడు అర్థమైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఒడ్డుకి వచ్చి పడవ కట్టాక అక్క దిగలేదు.

"ఒక్క క్లీటు తీసెయ్. అటువైపు పెట్టు. నాకు అందకూడదు."

"గాలి కొట్టినప్పుడు వదలాల్సిన తాళ్ళు నేను మార్చనక్కా. నువ్వు తిట్టినా మార్చను. ఒక్కదానివే ఉన్నప్పుడు..."

"ఒక్కదాన్నే వెళ్ళను. పక్కన ఒక మనిషి ఉండాలి. ఏదో ఒకదానికి నేను నోరు తెరిచి అడగాలి. అది లేకపోతే నేనిందులో ఎక్కను, గుడ్డ కప్పేస్తాను."

తాళ్ళాయన ఆలోచించాడు. ముందు తెరచాపని కిందికి దించే తాడు ఒకటి ఉంది. రేవులోకి వచ్చాక గానీ దానితో పని ఉండదు. ఒక నిమిషం ఆలస్యమైనా పడవకి ఏమీ కాదు. బతుకంతా మనుషులకి అందేలా క్లీట్లు బిగించినవాడు, అందకుండా బిగించడానికి పనిముట్ల పెట్టె తెచ్చుకుని, ముందు వైపు బావ చోట కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకో" అంది అక్క, పెట్టెలోంచి సుద్దముక్క తీసుకుని. "ఆ తాడు అందుకో."

అతను మూసుకుని చెయ్యి చాపాడు. చల్లటి పైచెక్క మీద వేళ్ళు ఆనిన చోట ఆగాడు. సుద్దముక్క గీసిన చప్పుడు కోసం చూశాడు. రాలేదు. అక్క చెయ్యి అతని చేతిని దాటి ముందుకి వెళ్ళడం తెలిసింది.

"ఆయన చెయ్యి నీకంటే పొడుగు" అంది.

అప్పుడు వినిపించింది సుద్ద చప్పుడు. కళ్ళు తెరిచి చూస్తే గుర్తు అతని వేళ్ళకి జానెడు అవతల ఉంది. ఎవరు కూర్చున్నా ముందుకి వంగితే తప్ప అందదు. తాళ్ళాయన దాన్ని చెరపలేదు. డ్రిల్లు తీసుకుని అక్కడే రంధ్రం వేశాడు.