తలుపు వైపు నేల

నేను ఒక భూతద్దాన్ని. పేరులో భూతం ఉంది గాని నేనెవరినీ భయపెట్టిన పాపాన పోలేదు. ఇత్తడి చుట్టు, నల్లటి చెక్క పిడి, మధ్యలో అరచేతిలో సగమంత గాజు, ఇంతే నా ఆస్తి. దగ్గర ఉన్నదాన్ని పెద్దది చేయడం, దూరంగా ఉన్నదాన్ని తలకిందులు చేయడం నా పుట్టుగుణం. మనుషుల మధ్య బతికాక తెలిసింది, ఈ గుణం నా ఒక్కదానిదే కాదని.

ఉత్తరాదిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఒక ముసలి పనివాడు తడి ఇసుక వేసి నన్ను సాన పట్టాడు. సాన పడుతున్నంతసేపూ లోకమంతా మంచు కమ్మినట్టే ఉండేది. చివరికి మెత్తటి గుడ్డతో తుడిచి, తన బొటనవేలి మీద పెట్టి చూశాడు. ఈ లోకంలో నేను చూసిన మొదటి వస్తువు ఆ వేలిముద్ర. చుట్లు చుట్లుగా, కొత్తగా దున్నిన చేనులా ఉంది. అప్పటినుంచీ నా బతుకు గీతల మధ్యే గడిచింది.

చేతులు మారి, రైళ్ళు మారి, తిరునాళ్ళ అంగళ్ళలో కూర్చుని, గోదావరి కాలవ గట్టున ఉన్న ఒక చిన్న పట్టణం చేరాను. ఊరి పేరు చెప్పను, చెబితే నొచ్చుకునేవాళ్ళున్నారు. అక్కడ చిర్రావూరి కామేశం గారని హస్తసాముద్రికులు నన్ను కొన్నారు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు పెళ్ళి సంగతీ ఉద్యోగం సంగతీ అడిగి, ఆఖర్న గొంతు తగ్గించి, "సొంతిల్లు కట్టే యోగం ఉందాండీ?" అనేవారు. కామేశం గారు ఎవరినీ ఉసూరుమనిపించేవారు కాదు. నన్ను చేతి మీద పెట్టి, "మెట్లతో సహా కనపడుతోంది" అనేవారు. నాకు మాత్రం చెమట పట్టిన చర్మం తప్ప మెట్లెక్కడా కనిపించేవి కావు. అయినా లేచి వెళ్ళేటప్పుడు ఆ మనుషుల ముఖాలు వెలుగుతూ ఉండేవి, అది మాత్రం నిజం.

అలాంటి కామేశం గారి వీధి అరుగు మీద ఒకనాడు మునిసిపాలిటీవాళ్ళు ఎర్రరంగుతో గీత గీసి వెళ్ళారు. ఊరందరి ఇళ్ళ భవిష్యత్తు చెప్పిన మనిషి తన అరుగు భవిష్యత్తు తెలుసుకోడానికి పట్టణ ప్రణాళిక విభాగానికి పరుగెత్తవలసి వచ్చింది. అక్కడి పటంలో అంకెలు ఆవగింజల్లా ఉన్నాయి. ఆయనే నన్ను జేబులోంచి తీసి గుమాస్తాకిచ్చారు. గుమాస్తా చూసి, అరుగే కాదు, ముందుగదిలో సగం కూడా రోడ్డులోకి పోతుందన్నాడు. కామేశం గారు కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ కంగారులో నన్ను మరిచిపోయారు. తర్వాత కూడా నాకోసం రాలేదు. నా ముఖం చూడబుద్ధి కాలేదేమో.

ఆ గుమాస్తా పేరు జల్లూరి వెంకటరత్నం. అందరూ రత్నంగారనేవారు. మంచి మనిషి, కాస్త బద్ధకస్తుడు. ఆయన గదిలో పెద్ద బల్ల, దాని మీద మందపాటి గాజుపలక, పలక కింద ఊరి మాస్టర్ ప్లాను. పసుపు పూసిన చోట ఇళ్ళు కట్టుకోవచ్చు. నీలం కాలవలు. పచ్చది తోటలకూ పార్కులకూ వదిలిన నేల, అక్కడ గోడ లేపనివ్వరు. ఎర్రగీతలు ఉన్న రోడ్లూ, రాబోయే రోడ్లూ. పటం పాతదై, కొత్త రోడ్ల ఎరుపు వెలిసిపోయి, నన్ను పెట్టి చూస్తే తప్ప ఆనేది కాదు.

స్థలం కొనేవాళ్ళు ముందు వాస్తు చూపిస్తారు. తర్వాత కొబ్బరికాయ పట్టి నీళ్ళ జాడ చూపిస్తారు. మట్టి నలిపి చూస్తారు, పక్కింటివాళ్ళ గుణగణాలు వాకబు చేస్తారు. అన్నీ అయ్యాక, ఎవరో గుర్తుచేస్తే, మా దగ్గరికి వస్తారు. కొందరు కొన్న తర్వాత వస్తారు. వాళ్ళని చూస్తే నాకు జాలి. కొనకముందు వచ్చినవాళ్ళంటే మాత్రం నాకు పండగే. నా గాజుకు అవతల పెద్దదైన ఒక కన్ను, ఇవతల గోరంత స్థలం. ఆ గోరంతలో వాళ్ళకు వరండా కనిపించేది, మందారమొక్క కనిపించేది, బట్టలారేసే తీగ కూడా కనిపించేది. "ఇక్కడ వంటిల్లు వస్తుంది" అని వేలితో చూపిస్తుంటే, ఒక్కోసారి నాకూ పోపు చిటపటలు వినిపించినట్టుండేది. మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పడుకుని, నేను ఆ కట్టని ఇళ్ళన్నిట్లో తిరిగేదాన్ని.

రత్నంగారు రోజూ చూసి చూసి పటాన్ని కంఠతా పట్టేశారు. కంఠతా అంటే ఆయన పద్ధతిలో. ఆ గదికి ఒకవైపు తలుపు, ఎదురుగా కిటికీ, మధ్యలో బల్ల. "కాలవకి కిటికీ వైపు నేలలో బైపాసు వస్తుంది, తలుపు వైపు నేలకి ఢోకా లేదు" అని గుర్తు పెట్టుకున్నారు. ఊరంతా ఆ రెండు దిక్కులే ఆయనకు. నా అవసరం లేకుండానే జవాబులు చెప్పేసేవారు, అవి సరిగ్గానే ఉండేవి.

అప్పుడు మా గదిలోకి కొత్త ఆఫీసరుగారొచ్చారు. ఏ ఊళ్ళోనూ ఆయన నిలకడగా ఉండలేదట, అంతటా బదిలీలే. సిద్ధాంతిగారు వచ్చి గది చూసి, బల్ల అటుదిటు తిప్పి వేస్తే ఆఫీసరుగారి కుర్చీ కదలదన్నారు. నలుగురు బిళ్ళబంట్రోతులు బల్లనెత్తి గిర్రున తిప్పి వేశారు. బల్లతోపాటు పటమూ తిరిగింది. తలుపు వైపు ఉన్న ఊరు కిటికీ వైపుకు, కిటికీ వైపు ఉన్న ఊరు తలుపు వైపుకు వచ్చేశాయి. రత్నంగారు ఆ వేళ సెలవు. మర్నాడు వచ్చి, ఆఫీసరుగారి కుర్చీలో కొత్త తువ్వాలు చూసి మెచ్చుకుని, తన పనిలో పడ్డారు. పటంలో అక్షరాలు మామూలు కంటికి చుక్కలే గనక, అవి తలకిందులైన సంగతి ఆయనకు ఆనలేదు.

ఆ రోజుల్లోనే వీరవేణి వచ్చింది. నర్సరీ నడుపుకునే మనిషి. చేతులనిండా మట్టి మరకలు, కొంగున రెండు ఆకులు కూడా అంటుకుని ఉన్నాయి. ఆమెకు ఒక మామిడి తల్లిచెట్టు ఉంది. తండ్రి చేతులతో అంటు కట్టి పెంచిన కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి. ఏటా దాని కొమ్మలు తీసి అంట్లు కట్టి అమ్ముకుంటేనే ఆమె ఇల్లు గడిచేది. మునుపు కౌలుకు తీసుకున్న నేల రోడ్డులో పోతే, ఆ చెట్టును వేళ్ళతో తవ్వి ఇంకోచోటికి మార్చారు. ఇప్పుడు ఆ రెండో నేలను యజమాని ఇళ్ళ స్థలాలకు అమ్మేశాడు. చెట్టు మళ్ళీ కదలాలి.

"మా అబ్బులు బాబాయ్ చెట్లు మార్చే మేస్త్రండీ. ఈ చెట్టు ఇంకొక్క మార్పు తట్టుకుంటుంది గాని, ఆపైన బతకదన్నాడు," అంది వీరవేణి. "అందుకే ఈసారి అన్నీ చూసుకునే దిగుదామని. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించానండి, తాకట్టులూ తగాదాలూ లేవు. రోడ్డు సంగతి మీరే చెప్పాలంట."

"ఎక్కడమ్మా నేల?"

"పాత రైసుమిల్లు ఎదురుగా, కాలవ పక్కనండి."

రత్నంగారు రైసుమిల్లు మీద వేలు పెట్టారు. ఆ వేలు తలుపు వైపు ఉంది. "తలుపు వైపమ్మా. నిక్షేపంలా తీసుకో."

"ఓసారి ఆ అద్దం పెట్టి చూడండి రత్నంగారూ."

"అద్దమెందుకమ్మా, ఈ పటం నాకు కంఠతా."

ఆయన వేలికి జానెడు దూరంలో, కాగితాల కట్ట మీద నేను పడి ఉన్నాను. నన్ను తీసి పెట్టి ఉంటే, వీరవేణి నేల నడిమధ్యన ఎర్రగీత పాములా సాగిపోవడం ఇద్దరికీ కనిపించేది. ఉన్నదాన్ని పెద్దది చేసి చూపడం నాకు చేతనవును. చూడమని చెప్పడం చేతకాదు. అంత బాధ నేనెప్పుడూ పడలేదు.

వీరవేణి తెలివైనదే. మాట చాలదు, కాగితం కావాలని అర్జీ పెట్టి వెళ్ళింది. లీజు రాతకోతలు కూడా కాగితం వచ్చాకే అని ఆపింది. కానీ పాత నేల యజమాని ఆగలేదు. పొక్లెయిన్ తెచ్చి గట్టు మీద పెట్టాడు. వానలు పడ్డాయి, చెట్టు కదపడానికి అదే అదను. కొత్త నేల ఆసామీ, కాగితానికేముందిలే, ముందు గొయ్యి తవ్వుకోమన్నాడు. రత్నంగారి మాట ఉంది కదాని వీరవేణి సరేనంది.

చెట్టు కదిలే రోజు పొద్దున్నే ఆమె అర్జీ రత్నంగారి చేతికొచ్చింది. నోటితో చెప్పడం వేరు, రాసి ఇవ్వడం వేరు. హద్దుల నెంబర్లు దించుకోడానికి ఆయన నన్ను తీసి పటం మీద పెట్టారు. నా గాజులో ఆయన కన్ను ఒక్కసారి నిలిచిపోయింది. ఎర్రగీత. ఆయన కిటికీని చూశారు. తలుపును చూశారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ నన్ను పెట్టి చూశారు. వీరవేణి చెట్టును ఈ పూటే కదుపుతోందని ఆయన విని ఉన్నారు. నన్ను చొక్కా జేబులో వేసుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా స్కూటరెక్కారు.

అన్నేళ్ళుగా నీలిదారంలా చూసిన కాలవను ఆ పొద్దున నిజంగా చూశాను. జేబులోంచి సగం బయటికి వేలాడుతూ చూశాను. నాకు దూరపువన్నీ తలకిందులే గనక, కాలవ ఆకాశంలో పారుతోంది, కొబ్బరిచెట్లు దాంట్లోకి తలలు వేలాడేసి నిలబడ్డాయి, గట్టు మీద గేదెలు కాళ్ళు పైకెత్తి నిదానంగా నడుస్తున్నాయి. పటంలో ఏ రంగూ ఇంత మెత్తగా లేదు. రత్నంగారు లోలోపల ఏదో గొణుక్కుంటున్నారు. ఆయన గుండె నా పిడికి కొట్టుకుంటుంటే ఒక పక్క భయం, ఒక పక్క ఎంత అందంగా ఉందీ ఊరని మైమరపు.

మేం వెళ్ళేసరికి చెట్టు ట్రాక్టరు తొట్టిలో పడుకుని ఉంది. వేళ్ళ చుట్టూ మట్టిముద్ద, దాని చుట్టూ తడిపిన గోనెలు. అబ్బులు తొట్టిని గొయ్యి వైపుకు వెనక్కి రానిస్తున్నాడు.

"దించకండి. వీరవేణమ్మా, దించకండి," అన్నారు రత్నంగారు రొప్పుతూ. "తప్పు చెప్పాను. బైపాసు ఈ నేలలోంచే."

వీరవేణి చెయ్యెత్తి ట్రాక్టరును ఆపించింది. "తలుపు వైపన్నారు కదండీ."

"బల్ల తిప్పేశారమ్మా. నేను చూసుకోలేదు."

"మీరు బల్ల తిప్పుకుంటే నా చెట్టు వేళ్ళు తిరుగుతాయాండీ? ఆ పూట అద్దం పెట్టి చూడమన్నాను. ఒక్క నిమిషం పని."

అబ్బులు మట్టిముద్దను తడిమి చూశాడు. "పోట్లాట తరవాత పెట్టుకోండమ్మాయ్. పాత గొయ్యిని ఈపాటికి పూడ్చేసుంటారు. ఎండెక్కేలోగా మట్టిలో పెట్టకపోతే మరి నా పూచీ లేదు."

వీరవేణి తొట్టి మీద చెయ్యి వేసి నిలబడింది. చుట్టూ ఎంత నేల. ఆ చెట్టుకు సరిపడా గొయ్యంత చోటు మాత్రం ఆమెకు ఎక్కడా లేదు. ఆమె ఏడవలేదు గాని, చెయ్యి బెరడును నిమురుతూనే ఉంది, జ్వరం వచ్చిన పిల్లను నిమిరినట్టు.

"నాకో ముక్క ఉందమ్మా," అన్నారు రత్నంగారు. "కాలవ లాకుల అవతల. అక్కడికి తోలించు."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. రత్నంగారు ఈ విభాగానికి రాకముందు పన్నుల విభాగంలో ఉండేవారు. అప్పుడు చవగ్గా వస్తోందని, ఎవరినీ అడక్కుండా, పటం చూడకుండా, ఆ ముక్క కొన్నారు. తర్వాత ఇటు మారారు. కామేశం గారు నన్ను మరిచిపోయి వెళ్ళగానే, మొట్టమొదట నన్ను పెట్టి చూసుకున్నది తన స్థలాన్నే. అది నిండు పచ్చరంగులో ఉంది. ఇల్లు కట్టనివ్వరు. ఆ మాట భార్య సత్యవతి గారితో చెప్పలేకపోయారు. ఆవిడ ఇంకా పాత కాలెండరు కాగితాల వెనక ఇంటి బొమ్మలు గీస్తూనే ఉంది.

"మీ ముక్కా? అందులో మీరు ఇల్లు కట్టుకోరాండీ?" అంది వీరవేణి.

"కట్టనివ్వరమ్మా. అది పచ్చనేల. చెట్టుకైతే ఎవరూ అడ్డుచెప్పరు."

ఆమె ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "ఇదైనా అద్దం పెట్టి చూశారాండీ?"

రత్నంగారు నన్ను జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు. "ఆ ఒక్క ముక్కా రోజూ చూస్తానమ్మా. రంగు మారుతుందేమోనని. మారలేదు."

ట్రాక్టరు లాకుల వైపు తిరిగింది.

చెట్టును నాటాక ఆకులన్నీ రాల్చేసింది. చూసినవాళ్ళంతా పెదవి విరిచారు. వీరవేణి మాత్రం రోజూ నీళ్ళు పోసి, నన్ను కొమ్మ కొమ్మకూ ఆనించి చూసేది. చివరికి ఒక కణుపు దగ్గర బియ్యపుగింజంత ఎర్రటి చిగురు నాకు ముందు కనిపించింది, తర్వాత ఆమెకు. అప్పుడేడ్చింది ఆ మనిషి, నా గాజంతా తడిచేలా. తర్వాత రత్నంగారికి కబురు పంపింది, ఆ ముక్కను పద్ధతిగా లీజుకు రాయించుకుంది. నన్ను తిరిగివ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. ఆఫీసులో కంప్యూటరు పెట్టారట, రెండు వేళ్ళతో విడదీస్తే పటం అదే పెద్దదవుతుందట. నేను కామేశం గారి సొమ్మునే గాని సర్కారు సొమ్మును ఎన్నడూ కాదు, కాబట్టి నన్నెవరూ అడగలేదు.

అలా ఈ పాకలో మేకుకు వేలాడుతున్నాను. ఆకుల మీద పురుగులు, కొత్త అంట్ల కళ్ళు, ఇవే నాకిప్పుడు ఊళ్ళూ వీధులూ. గాలి వీస్తే ఊగుతాను. ఊగినప్పుడు చెట్టు తలకిందులై, వేళ్ళు ఆకాశంలోకి పాకినట్టు కనిపిస్తుంది.

కార్తీకంలో రత్నంగారు సత్యవతి గారిని తీసుకొచ్చారు. నిజం అప్పటికి చెప్పేసి ఉంటారు, ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. ముక్కంతా ఒకసారి తిరిగింది. చెట్టు కింద ఆగి, "వంటిల్లు ఎటు వచ్చేదండీ?" అని అడిగింది. ఆయన ఈసారి సూర్యుణ్ణి చూసి మరీ ఆగ్నేయం చూపించారు. ఆవిడ వీరవేణి దగ్గర మూడు ఇటుకలు అడిగి తీసుకుంది, సరిగ్గా ఆ చోట పేర్చింది, ఎండు మామిడాకులు రగిలించి గిన్నె పెట్టింది. అందరం అన్నం ఉడికేదాకా అలాగే ఉండిపోయాం.

నా గాజు కింద ఎంతమంది ఎన్ని వంటిళ్ళు చూపించుకున్నారో. వాటిలో పొయ్యి వెలగడం నేను చూసింది అదొక్కటే.